నాగేందర్ గోదాం టైర్లు

ఏం పోరగాండ్లే మీరు! దుబాయ్ మామ ఏం పంపిండు, మస్కట్ చిన్నాయిన ఏం పంపిండు, ఎప్పుడు గిదే ముచ్చట. గా గోడకు మా తమ్ముడు నాగేందర్ ఫోటో ఉన్నది. గాయినె ఎవ్వలు అవ్వా, ఎట్ల బతికిండు అని ఒక్కనాడన్న నోరు తెరిసిండ్రా? కూసోండ్రి. వర్షితా, గా ఫోన్ పక్కకు పెడ్తవా, పొయ్యిలెయ్యాల్నా?

నాగేందర్ గూడ దుబాయ్ పోయినోడే. ఆడ బస్తాలు మోసి నడుము ఖరాబు చేస్కొని వచ్చిండు. వంగి పసుపు తవ్వుడు వానితోని కాకపాయె. కూసోని చేసే పని ఒక్కటే దొరికింది, డ్రైవింగు. ఎవరో వాడి వాడి ఇడిసిన ఇండికా కారు కొన్నడు. ఆర్మూర్ అడ్డా మీద పెట్టి, గల్ఫుకు పొయ్యేటోళ్లను శంషాబాద్ ఏర్‌పోర్టుకు తోలేటోడు. వాని పెండ్లాం ఆశమ్మ బీడీలు చేస్తుండె. బీడీలతోని ఉప్పు, పప్పు ఎల్తది. కడుమదంత కారు మీదనే.

టైర్లు అరిగి బోడిగుండు లెక్క అయినయి. కిరాయికి వచ్చినోడు ముందు టైర్లు సూసుడు, "ఇంకోపారి చూద్దాం తియ్యే అన్నా" అని ఎల్లిపోవుడు. మహేశ్ అని టైర్ల షాపాయినె ఉండె. గాయినె దగ్గరికి పోయిండు.

"నాలుగు కొత్తయి వశపడకుంటె రెండే తీస్కో అన్నా," అన్నడు మహేశ్. "ఎన్క చక్రాలకు ఎయ్యి. కడుమ రెండు కొనేదాక ఊర్ల సుట్టే తిరుగు. హైదరాబాద్ తొవ్వ పట్టకు."

"ఊర్ల తిరిగితె నాకేమొస్తది మహేశూ? బర్రెల్ని ఎక్కించుకోవాల్నా కార్ల?"

గప్పుడే పసుపు కమీషన్ దుకాణం ప్రహ్లాద్ సేటుకు ఈ సంగతి తెల్సింది. సేటుకు గూడ ఒకప్పుడు ఇండికానే ఉండె. దానికని టైర్లు కొని, బిగియ్యకముందే కారు అమ్మిండు. టైర్లు రేకుల గోదాంల, పసుపు బస్తాల పక్కన పడి ఉన్నయి. "రోడ్డు మొఖం చూడని టైర్లురా నాగేందర్. ఎంతుంటె అంత ఇచ్చి తీస్కపో," అన్నడు.

మా దిక్కు సంగతి మీకెర్కనే. పసుపుకు ధర రాకుంటె గోదాంల పెడ్తం. ఏడాదైనా, రెండేండ్లైనా కొమ్ము కొమ్ములెక్కనే ఉంటది. పెట్టిన మాల్ పాడుకాదని మా బుర్రల్ల కూసున్నది. మా తమ్ముడు గూడ గట్లనే అనుకున్నడు. వాడనిదంటె కొత్తదే గదా!

నాలుగు టైర్లు ఇంటికి తెచ్చి, తుడిసి, సుట్టూ తిరిగి సూసుకుంటుండె. ఆశమ్మ బీడీల చాట ఒళ్లె పెట్టుకొని, "పెండ్లి నాడు నన్ను గూడ గింతగనం సూడలే గదయ్యా," అన్నది. నవ్వినం. గా ఇంట్ల నవ్వుడు గదే ఆఖరు.

మే నెల. మా గల్లీ శ్రవణ్ దుబాయ్ పోవాలె. తల్లి, పెండ్లాం గూడ సాగనంప ఎక్కిండ్రు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిండ్రు. కామారెడ్డి దాటినంక, మిట్ట మధ్యాహ్నం, ఎన్క టైరు ఢమ్మని పగిలింది. కారు గిర్రున తిరిగి రోడ్డు నడిమిట్ల ఉన్న గోడకు తలిగింది. పానాలు పోలేదు. శ్రవణ్ తల్లి చెయ్యి ఇరిగింది. ఇమానం ఎల్లిపోయింది. వీసా తారీఖు గూడ దాటిపోయింది.

మహేశ్ వచ్చి చూసిండు. గీతల సందుల్ల రబ్బరు అంత నెర్రెలు. టైరు పక్కన ఏ సాలు తయారైందో అచ్చు ఉంటదంట. ఏడేండ్ల కిందటియి. రేకుల కింద ఏడు ఎండకాలాలు కాగి కాగి రబ్బరు సచ్చిపోయింది. "నన్నొక్కసారి పిలిస్తె ఏం పోతుండె అన్నా?" అన్నడు.

పైసలు ఎట్ల తెచ్చిండో ఏమో, కారు బాగు చేపిచ్చి, మహేశ్ షాపుల నాలుగు కొత్తయి ఏపిచ్చిండు. ఏపిచ్చి శ్రవణ్ ఇంటికి పోయిండు. "ఒదినే, మల్లొక్కపారి వీసా వస్తె నేనే తోల్తా, పైస వద్దు," అన్నడు. చేతికి పట్టీతోని ఆమె గడపల నిలవడి, "నువ్వు తోలింది సాలు. మా ఇంటి ముంగట కారు ఆపకు," అన్నది.

ఇగ ఎవ్వలు ఎక్కలే. అడ్డా మీద వానికి 'గోదాం టైర్లు' అనే పేరే పడ్డది. "ఓ గోదాం టైర్లూ, చాయ్ తాగుతవా?" గిట్ల పిలిసేటోళ్లు, దొంగ సచ్చినోళ్లు. పొద్దుగాల కారు తుడిసి పోయేటోడు, మాపటికి ఉత్తగ వచ్చేటోడు. కొత్త టైర్లకు దుమ్ము గూడ సరిగ్గ అంటలే.

మల్లా ఏడాదికి శ్రవణ్‌కు వీసా వచ్చింది. జక్రాన్‌పల్లి నుంచి వేరే కారు పిలిపిచ్చుకున్నరు. గా కారు మా తమ్ముని ఇంటి ముంగటికెల్లే పోయింది. వాడు అరుగు మీద నిలవడి చెయ్యెత్తిండు. లోపలోళ్లు అద్దం దించలే. తెల్లారి సంది వాడు అడ్డా మీదికి పోలే. అన్నం పెడ్తె మెతుకులు కెలికి లేసేటోడు. నేను తిట్టిన, బతిమిలాడిన, ఇనలే.

దసరా ఎల్లినంక ఒకనాడు ఆశమ్మ చాయ్ తీస్కపోయి లేపితె లేవలే. నిద్రలనే గుండె ఆగిందన్నరు దవాఖాన్ల.

సచ్చిపోయిన్నాటికి మా తమ్మునికి నలభై తొమ్మిదేండ్లు.