షాంఘై లాకర్, నా గుండు

నవ్వండి, నవ్వండి. ముందు తనివితీరా నవ్వేసుకోండి, తర్వాత చెప్తా. గుండు మీద ఈ ఎర్ర ఊలు టోపీ ఏందని కదా మీ నవ్వు? ఈ టోపీయే లేకపోతే ఇవాళ నేను టొరంటో పక్కన ఈ వాన్ ఊళ్ళో, మన బేస్‌మెంట్‌లో మీ ఎదురుగా కూర్చుని టీ తాగేవాణ్ని కాదు. షాంఘైలో ఒక పెద్ద బిల్డింగ్ కింద, ఇనప్పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తూ ఉండేవాణ్ని. వంశీ, టీలో ఇంకాస్త అల్లం కొట్టి వెయ్యరా, గొంతు పట్టేసింది.

ముందు గుండు సంగతి. మీకు తెలుసుగా, నా కెనడా స్టడీ పర్మిట్ రెండుసార్లు రిజెక్ట్ అయింది. మూడోసారి అప్లై చేసిన రోజు మా అమ్మ నరసరావుపేటలో దేవుడి గూటి ముందు నిలబడి, "స్వామీ, వీడికి వీసా వస్తే నీ కొండకి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తా" అని మొక్కేసింది. తల నాది, మొక్కు ఆవిడది! మొత్తానికి వీసా వచ్చింది. అప్పటికే కాలేజీ మొదలైపోతోందని హడావిడిగా ఫ్లైటెక్కేశా, మొక్కు అట్లాగే ఉండిపోయింది. మొన్న డిసెంబర్‌లో ఇంటికెళ్తే భుజం మీద బ్యాగు దించకముందే "పద తిరపతికి" అంది. జుట్టు, గడ్డం, మీసం, మొత్తం కొండ మీద వదిలేసి వచ్చా. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే "ఎవరండీ మీరు" అనేట్టున్నా. "ఎంత కళగా ఉన్నావురా నాయనా" అంది అమ్మ. కన్నతల్లి కాబట్టి అట్లాగే అంటుంది.

తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీ నుంచి షాంఘై మీదుగా టికెట్. అక్కడ పొద్దున్నే దిగితే టొరంటో ఫ్లైట్ సాయంత్రానికి. అంతసేపు ఎయిర్‌పోర్ట్‌లో కుర్చీ వేడెక్కించడం ఎందుకు, ఊళ్ళోకెళ్ళి ఆ ఎత్తు బిల్డింగులేవో చూసొద్దాం అనుకున్నా. వేరే దేశానికి పోయేవాళ్ళని వీసా లేకుండా ఒక్క రోజు ఊళ్ళోకి వదుల్తారు. అమ్మకి చెప్తే రెండు జాగ్రత్తలు చెప్పింది. "గుండు మీద చలి పట్టేస్తుంది, మంకీ క్యాప్ తియ్యమాక. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోమాక, ఎక్కడో జారిపోద్ది, బ్యాగులో అడుగున పెట్టు." రెండోది అక్షరాలా పాటించా. మొదటిది కూడా పాటించి ఉంటే మీకివాళ ఈ వినోదం ఉండేది కాదు.

షాంఘై ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే నాకు అర్థమవ్వాల్సింది. ఆఫీసర్ పాస్‌పోర్ట్ ఫోటో చూశాడు. అందులో ఒత్తైన జుట్టు, గుబురు గడ్డం. నన్ను చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. పక్క కౌంటర్ ఆయన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి నా చెవులు, ముక్కు, గవదలు అన్నీ పరిశీలించి, పెళ్ళిచూపుల్లో అయిష్టంగా ఒప్పుకున్నట్టు తలూపి స్టాంప్ కొట్టారు.

మెట్రో దిగి బయటికొచ్చా. అబ్బబ్బా! ఏం బిల్డింగులురా బాబూ! మన టొరంటో డౌన్‌టౌన్ చూసి నోరెళ్ళబెట్టినవాణ్ని కదా, అక్కడ ఆ తెరిచిన నోరు మూతపడితే ఒట్టు. ఒకటైతే పిండిన తడి తువ్వాలులాగా మెలి తిరిగిపోయి మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. తలెత్తి చూస్తూ చూస్తూ వెనక్కి నడిచి ఒక పెద్దాయన కాలు తొక్కేశా. ఆయన తిట్టలేదు. తను కూడా పైకి చూసి నవ్వి పోయాడు.

సరే, అంత దూరం వచ్చాక పైకెక్కకుండా ఎట్లా? ఒక టవర్‌కి టికెట్ తీసుకున్నా. జనం బాగా ఉన్నారు, లిఫ్టుకి గంట తర్వాత రమ్మన్నారు. పైకి పెద్ద బ్యాగులు తేకూడదు, కింద లాకర్లో పెట్టమన్నారు. ఆ లాకర్‌కి తాళం లేదు, టోకెన్ లేదు. కెమెరా ముందు నిలబడితే మన మొహమే తాళం! మళ్ళీ వచ్చి మొహం చూపిస్తే తలుపు తెరుచుకుంటుందట. ఆహా, టెక్నాలజీ అంటే ఇదిరా అనుకుంటూ నిలబడ్డా. మంకీ క్యాప్‌తో నిలబడ్డా. ఎవడన్నా మొహం ఫోటోకి మంకీ క్యాప్‌తో నిలబడతాడా? మనవాళ్ళు తప్ప ఇంకెవ్వరూ నిలబడరు. కనుబొమ్మల దాకా టోపీ, కింద గడ్డం మొత్తం టోపీ, మధ్యలో రెండు కళ్ళు, ఒక ముక్కు. పాపం ఆ మెషీన్ దొరికిన కాడికి తీసుకుని 'టింగ్' అంది. బ్యాగు లోపల పెట్టేశా. పాస్‌పోర్ట్, స్టడీ పర్మిట్, మీకోసం తెచ్చిన తిరపతి లడ్డూలు, అన్నీ అందులోనే.

గంట టైముంది కదా అని రోడ్డు మీదుగా కట్టిన పెద్ద వంతెనెక్కా. చుట్టూ ఆ మేడలన్నీ కనపడతాయి, అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేనూ ఫోనెత్తా. స్క్రీన్ మీద మంకీ క్యాప్ చూసుకుని నాకే నచ్చలా. స్టేటస్ పెడితే మీరు ఊరుకుంటారా? తీసేసి చంకలో పెట్టుకుని, ఇంకాస్త పైకి చెయ్యెత్తా. అంతే! రెండు బిల్డింగుల సందులోంచి ఒక్క గాలి వచ్చింది. మా అమ్మ కొన్న మంకీ క్యాప్ చంకలోంచి జారి, వంతెన మీంచి ఎగిరి, కిందపోతున్న బస్సు మీద పడి ఊరేగింపుగా వెళ్ళిపోయింది. "ఓయ్! ఆగు!" అని తెలుగులో అరిచా. షాంఘై బస్సు ఆగుతుందా?

చెవులు మొద్దుబారిపోయాయి. బ్యాగులో తువ్వాలుంది, తలకి చుట్టుకుందామని లాకర్ దగ్గరికి పరిగెత్తా. కెమెరా ముందు నిలబడ్డా. ఎర్ర గుర్తు. దగ్గరికి జరిగా. ఎర్ర గుర్తు. నవ్వా. ఎర్ర గుర్తు. సీరియస్‌గా పెట్టా, బతిమాలినట్టు పెట్టా. మెషీన్ 'నువ్వెవడివో నాకు తెలవదు' అన్నట్టే ఉంది. నా వెనకాల లైను పెరిగిపోతోంది.

అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చింది. పాపం మర్యాదగానే మాట్లాడింది. తన ఫోన్‌లో ఏదో చెప్తే అది ఇంగ్లీషులో పలికింది: "ఈ మొహం ఈ పెట్టె ఓనర్ మొహం కాదు." నేనే ఓనర్ని తల్లీ అన్నా. అయితే పాస్‌పోర్ట్ చూపించమంది. పాస్‌పోర్ట్ లాకర్లో ఉంది. లాకర్ తెరవాలంటే పాస్‌పోర్ట్ చూపించాలి. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫోటో ఉందని గుర్తొచ్చి, బతికిపోయా అనుకుని గబగబా చూపించా. అందులో జుట్టు, గడ్డం. ఆ అమ్మాయి ఫోటో చూసి, నా గుండు చూసి, ఒక అడుగు వెనక్కేసింది.

"కెనడా వీసా వచ్చింది, అందుకని జుట్టు ఇచ్చేశా" అని ఆ ఫోన్‌కి చెప్పా. అది చైనీస్‌లో ఏం చెప్పిందో ఏమో, అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి అడిగింది: "కెనడా వీసాకి జుట్టు కూడా తీసుకుంటారా?"

వాళ్ళ సూపర్‌వైజర్ వచ్చాడు. ఇవాళ ఆదివారం, లాకర్ బలవంతంగా తెరిచే పర్మిషన్ ఉన్న మేనేజర్ రేపు పొద్దున వస్తాడన్నాడు. రేపు పొద్దునా! సాయంత్రం నా ఫ్లైట్! ఎల్లుండి నా కోఆప్ ఇంటర్వ్యూ, చదువులో భాగంగా వచ్చే ఉద్యోగానిది, నాలుగు నెలల నుంచి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. పైగా నన్ను వదిలింది ఒక్క రోజుకే. ఇక్కడ మాత్రం నవ్వకండిరా. రెండుసార్లు రిజెక్ట్ లెటర్ వచ్చినప్పుడు అమ్మ వంటింట్లోకెళ్ళి చీర కొంగుతో మొహం తుడుచుకుని, బయటికొచ్చి "ఇంకోసారి వేద్దాంలే నాయనా" అనడం గుర్తొచ్చింది. ఏ పర్మిట్ కోసం జుట్టిచ్చానో ఆ పర్మిట్ చెయ్యి చాపితే అందే దూరంలో, రేకు తలుపు వెనక ఉంది. అక్కడే నేల మీద కూలబడ్డా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కంగార్లో మనసులో స్వామికి ఏదో మొక్కేశా. ఏం మొక్కానో ఆఖర్న చెప్తా, ఆగండి.

ఇంతలో ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చి, మెషీన్‌లో నా లాకర్ తాలూకు ఫోటో తెరిచి చూపించింది. స్క్రీన్ నిండా మంకీ క్యాప్! లైన్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నా వెనకాల తన బ్యాగు కోసం నిలబడ్డ ఒక మామ్మగారు కూడా నవ్వింది. నవ్వి, నా మొహం చూసి టక్కున ఆపేసింది. "అయ్యో" లాంటి మాటేదో అంది. అది ఏ భాషైనా అర్థమవుద్దిలే.

తన నెత్తి మీదున్న ఎర్ర ఊలు టోపీ తీసింది. ఇదిగో, ఇదే. నన్ను చెయ్యి పట్టి లేపింది. టోపీ నా గుండుకి తొడిగి కనుబొమ్మల దాకా లాగింది. తన మెడలో ఉన్న మఫ్లర్ తీసి నా గడ్డం చుట్టూ తిప్పి, పెదవి దాకా లాగి ముడేసింది. ఎల్‌కేజీ పిల్లాణ్ని స్కూలుకి తయారు చేసినట్టు! వేలితో కెమెరా చూపించింది. నిలబడ్డా. ఎర్ర గుర్తు. మామ్మగారు 'చ్చ్చ్' అని, టోపీ ఇంకొంచెం కిందికి గుంజింది.

టింగ్!

తలుపు తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు, సూపర్‌వైజర్ కూడా. నాకేం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ వంగి మామ్మగారి కాళ్ళకి దండం పెట్టేశా. ఆవిడ నేనేదో పడేసుకున్నాననుకుని, తనూ వంగి నేల మీద వెతకడం మొదలుపెట్టింది. ఇద్దరం కాసేపు వెతికాం. లేచాక లడ్డూ ఒకటి చేతిలో పెట్టా. కొంచెం తుంచి నోట్లో వేసుకుని, మిగతాది రుమాల్లో కట్టుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అందుకే మీకు లడ్డూ ఒకటి తగ్గింది, గొడవ చెయ్యకండి. మఫ్లర్ తీసుకుంది గానీ టోపీ ఇస్తే తీసుకోలేదు. నా నెత్తి మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.

అప్పటికి నా లిఫ్ట్ టైము ఎప్పుడో దాటిపోయింది. ఇంక పైకీ వద్దు, ఏమీ వద్దని, బ్యాగు చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తా. చైనా మొత్తం మీద నేను బాగా చూసింది ఏందయ్యా అంటే, గ్రౌండ్ ఫ్లోర్ లాకర్లు.

అయినా మెషీన్ని అనుకుని ఏం లాభం? టొరంటోలో దిగి, ఇమిగ్రేషన్‌లో మొహం చూపించడానికి తీసిన టోపీ చేత్తో పట్టుకుని బయటికొస్తే, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన ఈ కరీంనగర్ వంశీగాడు నా పక్క నుంచే రెండుసార్లు పోయాడు. మూడోసారి నా దగ్గరికే వచ్చి, "భయ్యా, షాంఘైవాలీ ఫ్లైట్ ఆగయీ క్యా?" అని, షాంఘై ఫ్లైట్ వచ్చేసిందా అని హిందీలో నన్నే అడిగాడు. ఏడాదిగా ఒకే మంచం మీద చెరో షిఫ్టు పడుకుంటున్నాం రా మనం!

"మరి నాకేం తెలుసురా, గుండుతోని వస్తవని జర చెప్పొద్దా?" అంటున్నాడు చూడండి ఇప్పుడు.

పొద్దున అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పా. "చూశావా, స్వామే ఆ మామ్మ రూపంలో వచ్చాడు" అంది. "అసలు గుండే లేకపోతే మంకీ క్యాప్ ఎందుకు పెట్టుకుంటానమ్మా?" అన్నా. "తప్పు, కళ్ళు పోతాయి, లెంపలేసుకో" అంది. ఫోన్‌లోనే చప్పుడు వినపడేట్టు వేసుకున్నా. అప్పుడు మెల్లగా అడిగింది, "అక్కడ స్వామికి ఏమన్నా మొక్కుకున్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఇంటర్వ్యూ రేపుంది, భయం. ఆ లాకర్ ముందు కూలబడ్డప్పుడు నా బుర్రకి ఇంకేమీ తట్టలేదురా! ఒక కొబ్బరికాయ అనొచ్చు, పోనీ నడిచి కొండెక్కుతా అనొచ్చు. నోటికి అలవాటైంది అదొక్కటే: "స్వామీ, ఈ తలుపు తెరుచుకుంటే మళ్ళీ వచ్చి గుండు చేయించుకుంటా!"

అమ్మ సంతోషం పట్టలేక వచ్చే డిసెంబర్‌కి అప్పుడే మంకీ క్యాప్ కొనేసింది.