ఓబులేసన్న వెనక్కి జరిపిన అట్ట

అది 2022. కరోనా తగ్గి, ధర్మవరంలో మగ్గాల చప్పుడు మళ్లీ వినిపిస్తున్న ఏడాది. మాది చిన్న డీటీపీ సెంటర్. డీటీపీ అంటే మ్యాటర్ టైపు చేసి, పేజీలు దిద్ది, ప్రెస్సుకు సిద్ధం చేసే పని. ఎక్కువగా పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరో ఒక రచయిత పుస్తకం. కొత్తగా రాసేవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. నవలలు రాయడానికని ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి కదా, వాటివల్ల నిజంగా లాభముందా అని. చేతిలో పని ఆగిపోతోందన్న విసుగుతో నోటికొచ్చింది చెప్పి పంపేసేదాన్ని. ఓబులేసన్న వచ్చి వెళ్లాక అలా చెప్పడం మానేశాను.

ఓబులేసన్న పట్టుచీరలు నేసే మనిషి. యాభై దాటాయి. పత్రికల్లో కొన్ని కథలు పడ్డాయి. ఆయన తమ్ముడు నాగరాజు కరోనా రెండో విడతలో అనంతపురం ఆసుపత్రిలో పోయాడు. చివర్లో పక్కనున్నది అన్న ఒక్కడే. శవాన్ని ఇంటికివ్వలేదు. వాళ్లమ్మ ఆదెమ్మకు చూపు లేదు, కొడుకును తడిమి చూసుకునే భాగ్యం కూడా లేకపోయింది. నువ్వు కథలు రాస్తావు కదా, నా చిన్నోని కథ రాసి నాకు చదివి వినిపించు అని పెద్దకొడుకును అడిగింది. అమ్మ ఉండగానే నవల పూర్తి చేయాలన్నది ఓబులేసన్న ఆరాటం.

బెంగళూరులో ఉన్న అల్లుడు తన పాత ల్యాప్‌టాప్‌లో రచయితల సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి పంపాడు. అందులో తెలుగు టైపింగ్ నేర్పమని ఓబులేసన్న నా దగ్గరికి వచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కథలోని ఒక్కో ఘట్టానికి తెరమీద ఒక్కో కార్డు ఉంటుంది. కార్డును ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. దాన్ని నొక్కితే రాసుకోవడానికి పేజీ తెరుచుకుంటుంది. అది చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇవి మా జకార్డు అట్టలే కదమ్మా!" అన్నాడు.

జకార్డు అంటే మగ్గంపైన బిగించే యంత్రం. చీర అంచులో పువ్వు ఎక్కడ రావాలో, కొమ్మ ఎక్కడ తిరగాలో రంధ్రాలు కొట్టిన అట్టలే దానికి చెబుతాయి. ఆ అట్టలన్నీ వరుసగా కుట్టి ఎక్కించేదాకా నేతగాడు అడ్డపోగు నడిపే నాడె ముట్టుకోడు. ఇక్కడా వరుస కుదిరితే నవల దానంతటదే దిగుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. పాపం, ఆ నమ్మకమే ఆయన్ను ముంచింది.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. ఫోన్లో, చీటీల మీద, క్యాలెండర్ వెనక రాసుకున్న ముక్కలన్నీ దాని పుణ్యమా అని ఒకచోటికి చేరాయి. తమ్ముడి చిన్నతనం, కాళ్లు దింపుకుని నేసే మగ్గం గుంతలో ఇద్దరి కొట్లాటలు, తమ్ముడి పెళ్లి, అన్నీ చక్కగా రాశాడు. కానీ చివర్లో 'ఆసుపత్రి' అని ఒక కార్డు ఉండేది. దాన్ని నొక్కితే ఖాళీ పేజీ. వారం వారం ఏదో సందేహంతో వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా దానికి ముందు ఇంకో రెండు కొత్త కార్డులు కనబడేవి. ఇంతలో ఆదెమ్మ మంచం పట్టింది. అది తెలిసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకెన్ని అట్టలు చేస్తావన్నా? ఆ ఒక్కటి ఎప్పుడు రాస్తావు?"

"వరుస ఇంకా కుదర్లేదమ్మా."

"వరుస ఎప్పుడో కుదిరింది. నువ్వే భయపడి దాన్ని ఎనక్కి జరుపుతాండావు."

ఆయన తల వంచుకుని కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఇంటికి తీసుకపో అన్నా అని నా చెయ్యి పట్టుకున్నాడమ్మా. రేపు పోదాంలేరా అంటి. తెల్లారేసరికి పాయ. అమ్మకేమో వాడు ఏం మాట్లాడలేదని చెప్పినా. ఇప్పుడిది రాస్తే అమ్మకు చదివి వినిపించాల కదా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ కార్డులన్నీ మూసేసి, నా కంప్యూటర్‌లో మామూలు ఖాళీ పేజీ తెరిచాను. నువ్వు చెప్పన్నా, నేను కొడతాను అన్నాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు, ఒక్క మాట మార్చకుండా టైపు చేశాను. పేజీన్నర వచ్చింది. కొడుతూ కొడుతూ నేనూ ఏడ్చాను. దాన్ని తీసుకెళ్లి 'ఆసుపత్రి' కార్డులో పెట్టుకున్నాడు.

నవల ప్రింటు తీశాక, తన గొంతు నిలవదని, నన్నే ఇంటికొచ్చి అమ్మకు చదవమన్నాడు. మధ్యాహ్నాలు మగ్గం ఆపేసి కూర్చునేవాళ్లం. నేను చదువుతుంటే ఆదెమ్మ మంచంలో నుంచే మధ్యమధ్య తప్పులు దిద్దేది, కొన్నిచోట్ల నవ్వేది. ఆసుపత్రి పేజీ వచ్చేసరికి ఓబులేసన్న నా చేతిలోని కాగితాలు తీసుకుని తనే చదివాడు. 'రేపు పోదాంలేరా' దగ్గర కూడా ఆపలేదు, చివరిదాకా చదివాడు.

ఆదెమ్మ చెయ్యి చాపి వెతికింది. కొడుకు తల చేతికి అందాక దాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఇన్ని దినాలూ నాకు చెప్పకుండా నువ్వొక్కడివే ఏడుస్తాంటివా నాయనా?" అంది.

ఇప్పుడు ఎవరైనా సాఫ్ట్‌వేర్ గురించి అడిగితే వేయించుకోండి అనే చెబుతాను. ముక్కలు దాచుకోవడానికి, వరుస పెట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. రాయలేక ఆగిపోయిన పేజీ ఒకటుంటే మాత్రం ల్యాప్‌టాప్ మూసి, దాన్ని ఎవరికైనా నోటితో చెప్పమంటాను. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే మా సెంటర్‌కే రమ్మంటాను. ఎంతసేపైనా కూర్చుని టైపు చేసిస్తాను.