దాజీ పేట్ నుంచి జహీరాబాదుకు, పాత కారులో

పొద్దున ఆరుంబావుకు జహీరాబాదు బస్టాండులో సోలాపూరు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు కర్ణాటక సరిహద్దు దాకా సున్నా టికెట్ కొట్టి, అక్కణ్నుంచి డబ్బులు తీసుకుని వేరే టికెట్ ఇచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ, సరిహద్దు దాటితే ఎవరి సంచి వాళ్లు విప్పుకోవాల్సిందే. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, పొద్దుటెండ తగలదు.

నేను వెళ్తున్నది కారు కొనడానికి. మా ఆయనకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. వారానికి రెండుసార్లు సంగారెడ్డికి ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. బస్సు మెట్లు ఎక్కలేరు, అంత దూరం ఆటో కుదుపులకు ఓర్వలేరు. పోయినేడు తళతళలాడే రంగు చూసి ఒక పాత కారు కొన్నాను. అది ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం సదాశివపేట దగ్గర ఆగిపోయింది. గంటన్నరసేపు ఒక లారీ నీడలో నిలబడ్డాం. ఆ మర్నాడే ఆయన "ఇక నేనెక్కడికీ రాను" అన్నారు. అప్పట్నుంచి ఎంత బతిమాలినా కదల్లేదు. లేవడం మొదలుపెట్టిన పాదం మళ్లీ నేల మీద ఈడ్చుకుపోసాగింది. నాకిప్పుడు కావలసింది అందమైన కారు కాదు, దారిలో ఆగని కారు.

ఏటా చలికాలం మా వీధికి సోలాపూరు చెద్దర్లు అమ్మడానికి వచ్చే ఆయన ఈ కారు సంగతి చెప్పాడు. తన పక్కింటి సాంచెలాయన అమ్ముతున్నాడట. మరమగ్గాన్ని వాళ్లు సాంచె అంటారు.

ఏడున్నరకు హుమ్నాబాదులో ఇడ్లీ, టీ అయ్యాయి. అక్కడ ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూర్చుంది. సోలాపూరులో బీడీ కార్మికుల కాలనీ, విడీ ఘర్కుల్‌లో ఆమె ఇల్లు. నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోందట. కారు కొనడానికి ఒంటరిగా వెళ్తున్నానంటే నన్ను కిందా మీదా చూసింది.

"మొగోళ్లు ఎవ్వరు రాలేదా బిడ్డా?"

"మొగాయన కోసమే పోతున్ననవ్వా."

నవ్వింది. "కార్ సంగతి నాకెర్కలే. బీడీల సంగతి చెప్త ఇను. కట్టల పైకి మంచి బీడీలు పెడ్తరు. చెక్ చేసేటోడు ఊకుంటడా, నడుమల బీడీ గుంజి చూస్తడు. నువ్వు గూడ నడుమల చూడు."

పదకొండున్నరకు సోలాపూరులో దిగి ఆటో ఎక్కాను. ఆటో అతను మరాఠీలో మొదలుపెట్టి, నా జవాబు విని "మనోళ్లేనా?" అంటూ తెలుగులోకి దిగిపోయాడు. నేతపనికి వలసొచ్చిన తెలుగువాళ్ల పేట, దాజీ పేట్‌లో బోర్డులు మరాఠీవి, అరుగుల మీద మాటలు మనవి. ఏ సందులోకి తిరిగినా సాంచెల చప్పుడే.

కారు యజమాని అంబాదాస్ అన్నకు అరవై దాటాయి. కనుబొమ్మల్లో కూడా దూది. ఇంటి ముందు భాగమే కార్ఖానా. నాలుగు సాంచెల్లో రెండు నడుస్తున్నాయి. ఆ మూలనే షట్టరు పక్కన, నాలుగు చెద్దర్ల కింద కారు. ఒక్కొక్క చెద్దరూ తీసి, మడిచి పక్కన పెట్టాడు. పదకొండేళ్ల చిన్న తెల్ల కారు. నేను వెంటనే బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"రోజు చాలూ చేస్త. ఇయ్యాల చెయ్యలే చెల్లె. సల్లటి ఇంజిన్ చూసుకోవాలె గద నువ్వు" అన్నాడు.

ఆ మాటతో మనిషి మీద సగం నమ్మకం కుదిరింది. పాత కారు చూడబోయేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ముందే వేడిచేసి పెట్టిన ఇంజిన్ తన జబ్బులు దాచుకుంటుంది. కాళ్ల కింది చాప ఎత్తి తుప్పు చూశాను, లేదు. ఆయిలు పుల్ల తీసి చూశాను, శుభ్రం. ఎప్పుడెప్పుడు ఆయిలు మార్చిందీ గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. మొదట చూసే మెకానిక్ పోయాక అన్నీ తానే చేసుకుంటున్నాడట. తాళం తిప్పగానే కారు స్టార్టయింది. నా గుండె తేలికైంది.

నేనే నడిపి చూద్దామని ఇద్దరం బయల్దేరాం. ఆ తేలిక ఊళ్లోని వంతెన దాకానే. సందుల్లో బాగానే నడిచిన కారు ఎత్తు రాగానే ఆయాసపడింది. మూడో గేరులో కదల్లేదు, రెండో గేరులో మూలిగింది. వెనక ఆటోలు హారన్లు. నాకు సదాశివపేట లారీ నీడ కళ్ల ముందు కనిపించింది. పక్కన అంబాదాస్ అన్న భుజం మీది తువ్వాలు నలుపుతూ కూర్చున్నాడు.

"ఇంతకు ముందు ఇద్దరొచ్చిండ్రు. గిట్లనే వంతెన ఎక్కిచ్చి, ఇంజిన్ ఖతమన్నరు. నువ్వు గూడ వద్దంటె ఇగ భంగార్‌కే" అన్నాడు. భంగార్ అంటే తుక్కు.

కళ్లు మసకబారాయని, బండి నడపొద్దని డాక్టరు చెప్పాడట. ఆ ఇద్దరూ నడిపి చూసింది తప్ప ఆర్నెల్లుగా కారు రోడ్డెక్కలేదు. కూతురి కాన్పుకూ, మనవడి బడికీ తిరిగిన బండి ముక్కలవుతుందంటూ ఆయన తువ్వాలుతో కిటికీ అద్దం తుడిచాడు. నాకూ జాలేసింది. కానీ జాలితో కారు కొంటే మా ఆయన్ని మళ్లీ రోడ్డు మీద నిలబెట్టాలి.

ఇంటికి తిరిగొచ్చాం. ఆయన నాకు అన్నం పెట్టమని చెప్పడానికి లోపలికి వెళ్లాడు. రెండింటి బస్సుకు వెళ్లిపోదామని అప్పటికే అనుకున్నాను. వట్టి చేతులతో వెళ్తున్నానన్న కోపంతో ఇంకోసారి బానెట్ ఎత్తాను. నడుమల చూడమన్న ముసలామె మాట గుర్తొచ్చింది. పుల్ల చూశాను, గోడ చూశాను, అన్నీ పైపై బీడీలే. గాలి ఫిల్టరు డబ్బా క్లిప్పులు విప్పి మూత తీశాను.

లోపల ఫిల్టరు కనబడలేదు. దాని మీద వేలెడు మందాన దూది, ఎరుపూ పచ్చా పోగులతో చిన్న బొంతలా పేరుకుని ఉంది. ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు, ఊపిరాడటం లేదంతే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ క్షణాన నా చుట్టూ ఎవరూ లేరు. మూత మూసేసి, తుక్కు ధరకు అడిగితే ఇచ్చేసేవాడు. మూత చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఇంతలో మడిచి పెట్టిన చెద్దర్లు కంటబడ్డాయి. సిగ్గేసింది. "అన్నా, ఒకసారి ఇటు రా!" అని పిలిచాను.

ఆయనా, ఆయన భార్య నర్సవ్వ వదినా ఇద్దరూ వచ్చారు. ఆయన ఆ దూదిని వేళ్లతో తీసి చూస్తూ సాంచె పక్క బల్ల మీద కూలబడ్డాడు.

"సాంచె నడవకుంటె జామయితది. బండి గూడ గంతేనని రోజు పొద్దుగాల షట్టరెత్తి పది నిమిషాలు చాలూ చేసి పెట్టిన. ఇక్కడ్నే, సాంచెలు నడుస్తుంటనే. దూది మాకు కనవడది చెల్లె, పుట్టినప్పటి సంది అండ్లనే ఉన్నం."

"ముక్కు మూసి ఉరుకుమన్నవు దాన్ని!" అంది నర్సవ్వ వదిన. అని, ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకుంది. దుమ్ము పడకుండా తన సాంచె మీద నేసిన చెద్దర్లే కప్పాడు, వాటి పోగులూ అందులోకే పోయాయి. ఇంత ప్రేమగా ఎవరైనా కారును చంపుకుంటారా అని నాకు కళ్లు చెమర్చాయి.

కొత్త ఫిల్టరు రెండు వీధుల అవతల దొరికింది. మూల మీది మెకానిక్‌తో మిగతావన్నీ చూపించాం, పొగ లేదు, శబ్దం లేదు అన్నాడు. మళ్లీ అదే వంతెన. ఈసారి మూడో గేరులోనే ఎక్కేసింది. అంబాదాస్ అన్న డాష్‌బోర్డు మీద చేత్తో చరిచి "అరె వా!" అన్నాడు.

ధర సంగతి నేనే ఎత్తాను. బండి బాగుందని తేలింది కదా, ఎక్కువడుగుతాడనుకున్నాను.

"నువ్వు రాంగనే చెప్పిందే. మాటంటె మాటే" అన్నాడు.

కరకరలాడే కడక్ జొన్నరొట్టె, పల్లీల పొడి, వంకాయ కూర తిన్నాం. ఫారాల మీద సంతకాలయ్యాయి, బీమా ఇంకా నడుస్తోంది. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకునే అనుమతి పత్రం, ఎన్‌ఓసీ, వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వాలని తెలిసినవాళ్లంతా చెబుతారు. మీకు నేనూ అదే చెబుతాను. నేను మాత్రం మొత్తం ఇచ్చేశాను. బయల్దేరేటప్పుడు వదిన ఒక కొత్త చెద్దరు తెచ్చి సీట్లో పెట్టింది. "మీ ఆయన కాళ్ల మీద కప్పు. బండి మీద మాత్రం కప్పకు."

మూడూ ముప్పావుకు బయల్దేరాను. నల్దుర్గ్‌లో ఒక ఫోను, ఉమర్గాలో ఒక ఫోను, రెండూ అంబాదాస్ అన్నవే. హుమ్నాబాదులో టీకి ఆగితే మూడోది.

"ఎత్తు ఎక్కుతున్నదా చెల్లె?"

"గుర్రమే అన్నా."

"జర చాలూ చేసి ఇంజిన్ కాడ ఫోను పెట్టు. చప్పుడు ఇంట."

బానెట్ ఎత్తి ఫోను పట్టుకున్నాను. నిమిషం తర్వాత చెవి దగ్గర పెట్టుకుంటే అవతల ఏ చప్పుడూ లేదు. ఫోను పోయిందనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, దాన్ని వినడానికి ఆయన సాంచెలు ఆపించాడు.

"మంచిగున్నది" అన్నాడు మెల్లగా. "ఇగ నేను ఫోన్ చెయ్య."

జహీరాబాదు చేరేసరికి ఏడూ ముప్పావు. ఈ ప్రయాణంలో నేను చూసిన సోలాపూరు ఒక వీధి, ఒక వంతెన, ఒక ఇల్లు. కోట చూశావా అని అడిగితే తల వంచుకోవాలి. కానీ ఆ ఇంటికి మళ్లీ వెళ్తాను, ఈసారి మా ఆయనతో.

ఆయన చేతికర్రతో గేటు దాకా వచ్చి నిలబడి ఉన్నారు. బానెట్ మీద చెయ్యి పెట్టి వేడి చూశారు.

"ఎక్కడన్నా ఆగిందా?"

"నేను ఆపిన కాడనే."

కర్ర నా చేతికిచ్చారు. ముందు తలుపు తీసుకుని కూర్చుని, కుడిచేత్తో ఎడమ కాలిని ఎత్తి లోపల పెట్టుకున్నారు. చెద్దరు మోకాళ్ల మీదికి లాక్కున్నారు.

"రేపు సంగారెడ్డికి ఎన్నింటికి పోదాం?" అన్నారు.