ఫ్లైవీల్ కోసం కోస్గి దాకా

మా బిడ్డ పెళ్లి వారంలో ఉందనగా మా పాత అంబాసిడర్ మొరాయించింది. క్లచ్ ప్లేటు కాలిపోయింది. దాన్ని ఆనుకొని తిరిగే బరువైన ఇనుప చక్రం, ఫ్లైవీల్, పగులుబారింది. బిడ్డ మా కారులోనే అత్తారింటికి పోతానంది. నా భార్య మాత్రం తేలిగ్గా, "గంత ఫికరెందుకు? మా తమ్ముని కారు అడుగుదాం" అంది. కోస్గిలో ఉండే మా బామ్మర్ది నర్సింహకూ అలాంటి కారే ఉంది. అది ఏనాడూ ఆగదు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే పాత చక్రం సంచిలో వేసుకుని కట్టంగూర్‌లో బస్సెక్కాను.

నల్లగొండలో క్లచ్ ప్లేటు వెంటనే దొరికింది. షాపతను చూపిన ఫ్లైవీల్ మాత్రం డీజిల్ ఇంజన్‌ది, మాది పెట్రోల్ బండి. "బోల్టుల జాగా కలుస్తలేదన్నా. పాలమూరు పాత సామాన్ల దుకాణాలల్ల చూడు" అన్నాడు. దేవరకొండ మీదుగా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కండక్టర్ సంచి ఎత్తి చూసి, "ఇదేంది, ఇసుర్రాయి తెస్తున్నవా?" అని నవ్వాడు.

పాత సామాన్ల వ్యాపారి నా చక్రాన్ని తిప్పి చూశాడు. "గిసొంటిది ఒక్కటే ఉండె. కోస్గి నర్సింహన్న మొన్ననే తీస్కపోయిండు."

"ఆయన బండి మంచిగనే నడుస్తది గదా!"

"అవును. ఎప్పటికన్న అక్కరకొస్తదని కొన్నడు."

నాకు లేక నేను తిరుగుతుంటే, అతనికి అవసరం లేనిది కూడా అతని ఇంట్లోనే ఉంది! తిరిగి పోదామనుకున్నాను. బిడ్డ ముఖం గుర్తొచ్చి కోస్గి బస్సెక్కాను.

నర్సింహ ఎదురొచ్చి నా సంచిలో పగిలిన చక్రం చూశాడు. "బావా, ఒక్క ఫోన్ చేస్తే నేనే తెస్తుంటి గదా!"

"ఎంతకిస్తవ్?" అన్నాను.

"నా మేనకోడలి పెండ్లికి పైసలు తీసుకుంటనా? పట్కపో."

ఎంత బతిమాలినా తీసుకోలేదు. బస్టాండుకు తన కారులోనే దింపాడు. గేరు మారినట్టే తెలియలేదు. నేను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను.

చక్రం సరిగ్గా కూర్చుంది. బిడ్డ మా కారులోనే వెళ్లింది. వీధిలో అందరూ కారును మెచ్చుకుంటుంటే నా భార్య, "మా తమ్ముడిచ్చిన సామాన్‌తోనే కదిలింది" అని మురిసిపోయింది.

అది నిజమే. అయినా అసూయ చల్లారలేదు. డబ్బిచ్చి కొన్నదైతే ఈపాటికి మరచిపోయేవాణ్ణి. ఊరికే ఇచ్చింది కనుక క్లచ్ తొక్కిన ప్రతిసారీ అతని ఉపకారమే పాదం కింద తగులుతోంది. మీరు ఇలాంటి వెతుకులాటకు బయలుదేరితే పాత ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు రెండూ వెంట తీసుకెళ్లండి. పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు కలిస్తేనే కొనండి. అంతకంటే ముందు అదే బండి ఉన్న చుట్టానికి ఫోన్ చేయండి. నేను చేయలేదు. మళ్లీ అవసరమొచ్చినా చేస్తానని చెప్పలేను.