అన్నయ్య జాగాలో నేను వెతికిన లొసుగు

ఆ రోజుల్లో నాకు నల్లకోటు కొత్త, అసూయ పాతది. చోడవరం కోర్టులో ఒక సీనియర్ లాయరుగారి దగ్గర జూనియర్‌గా చేరాను. మా పెదనాన్న కొడుకు నాకంటే కాస్త పెద్ద. గోవాడలో ఉద్యోగం, ఒత్తయిన జుత్తు (ఇప్పటికీ ఉంది, నాకే లేదు). వాడు బస్టాండు వెనక జాగా బేరమాడుతున్నాడని తెలిసిన దగ్గర్నుంచి మా అమ్మ అన్నంతో పాటు ఆ జాగాని కూడా నాకు వడ్డించేది. "సూడు, ఆడు అప్పుడే జాగా కొంటన్నాడు. నువ్వేటి, ఇంకా కోటు ఇస్త్రీ సేసుకుంటన్నావు!"

అంతలో అన్నయ్యే వచ్చి కాగితాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వుండగా బయటోళ్ళెందుకురా? ఆ జాగా ఎవల్నించి ఎవలికొచ్చిందో సూసి సెప్పు." ఆ నమ్మకానికి నేను కరిగిపోవాలి. కరగలేదు సరికదా, ఏదో ఒక లొసుగు దొరక్కపోతుందా అని రిజిస్ట్రారు ఆఫీసులో తిష్ట వేశాను. ఆ జాగా లావాదేవీల ఈసీలు తీయించి, పాత దస్తావేజుల నకళ్ళు తెప్పించి, అమ్మినవాడికి అమ్మినవాడి దాకా వెళ్ళాను. (అక్కడికొచ్చే జనం నన్ను కొత్త గుమస్తా అనుకుని స్టాంపులు అడిగేవారు.) అంతా శుభ్రంగా ఉంది. నాకు నీరసం వచ్చింది. ఆఖరికి, ఇప్పుడు అమ్ముతున్న అన్నదమ్ముల తండ్రి పేరు మీద కూడా వెతికిస్తే బయటపడింది: ఆయన వడ్డాదిలో ఇచ్చిన కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసిచ్చాడు. అంటే ఆయనకో కూతురుంది! వీలునామా రాయకుండా పోయాడు కాబట్టి ఈ జాగాలో ఆవిడకీ వాటా ఉంది. అమ్ముతున్న ఆవిడ తమ్ముళ్ళిద్దరూ ఆ మాటే ఎత్తలేదు.

పెదనాన్న వరండాలో, మా అమ్మ కూడా ఉండగా, తీర్పు చదివినట్టు చెప్పాను. అన్నయ్య మొహం ఎప్పుడు వాడిపోతుందా అని చూస్తున్నాను. వాడు లేచి నన్ను వాటేసుకున్నాడు. "బతికించేవురా! పద, ఎల్లి ఆవిణ్ణే అడుగుదాం."

వడ్డాదిలో ఆ ముసలావిడ మా మాటంతా వింది. "నేనొకదాన్నున్నానని ఆళ్ళు సెప్పనేదా బాబూ?" అంది. "ఆళ్ళని రమ్మను. నా గుమ్మంలోకొచ్చి అక్కా అని పిలిస్తే సంతకం పెడతాను." అప్పుడే ఆవిడ మనవరాలు మజ్జిగ తెచ్చింది. మజ్జిగ వాసనే గిట్టని మా అన్నయ్య గ్లాసు ఖాళీచేసి, ఇంకో గ్లాసు అడిగాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

తమ్ముళ్ళు వెళ్ళి పిలిచారు. ఆవిడ ఏడ్చింది, తిట్టింది, భోజనం పెట్టింది, సంతకం పెట్టింది. జాగా అన్నయ్యదయింది. ఆ ఏడే ఆ పిల్ల నాకు వదినయింది. పెళ్ళిపందిట్లో పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "ఈ సమ్మంధం కుదిర్సింది మావోడే!" అంటుంటే, మా అమ్మ నా చెవిలో, "ఆడికి పెళ్ళాన్ని కూడా నువ్వే ఎతికెట్టేవా!" అంది.

ఇప్పుడు నా దగ్గరా జూనియర్లున్నారు. ఎవరి ఆస్తి కాగితాలిచ్చినా సాయంత్రానికల్లా "అంతా బాగానే ఉంది సార్" అని తిరిగి ఇచ్చేస్తారు. అప్పుడు కుళ్ళుతో కళ్ళు పీక్కుపోయేలా దస్తావేజులు చదివిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత శ్రద్ధగా పనిచేసేవాడు మళ్ళీ నాకు దొరకలేదు.