లారీ వాళ్లది, టార్పాలిన్ మాది

మా ఆయన ఆంథోనికి లారీ నడపడం తప్ప ఇంకో పని రాదు. ఇంట్లో బల్బు మార్చమంటే స్టూలు ఎక్కి చూసి, దిగి, రేపు చూద్దామంటాడు. ఖమ్మం మార్కెట్లో మిర్చి బస్తాలు ఎక్కించుకుని, భద్రాచలం మీదుగా కుంట దగ్గరి అడవి దాటి రాయ్‌పూర్ దాకా పోవడం, అక్కడ దొరికిన సరుకు వేసుకుని తిరిగి రావడం, పెళ్లయినప్పటి నుంచీ నేను చూసింది ఇదే. బూర్గంపాడులో ఉన్న మా ఇంటికి ఆయన చుట్టపుచూపుగా వచ్చి పోయేవాడు.

లారీ మాది కాదు, రామ్‌చందర్‌ది. ఊరి చివర వాడికో షెడ్డు, అందులో నాలుగు లారీలు, ఒక ఏసీ గది ఉన్నాయి. ఆ గదిలోకి డ్రైవర్లు చెప్పులు విప్పి వెళ్లాలి. వాడి పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఏడు అడవిలో పెద్ద వాన పట్టుకుంది. లారీ మీద ఉన్నది చిరుగుల టార్పాలిన్. నీళ్లు కారి మిర్చి తడిసింది. కొత్తది కొనమని మా ఆయన ఎన్నిసార్లు మొత్తుకున్నా వినని రామ్‌చందర్, తడిసిన బస్తాల డబ్బు మాత్రం ఆయన జీతంలో కోసుకున్నాడు. మరుసటి ఏడు నేను మిర్చి కోతకు పోయి, ఆ కూలితో టార్పాలిన్ కొన్నాను. కారానికి చేతులు మండి నిద్ర పట్టేది కాదు. తర్వాత తాళ్లు కొన్నాం, జాకీ కొన్నాం, సీటు మీదికి మెత్త కుట్టించాం. దేనికీ వాడు పైసా ఇవ్వలేదు. మా ఆయనకేమో అదంతా ముచ్చట.

మొన్న మిర్చి సీజను మొదట్లో రామ్‌చందర్ ఆయన్ని పిలిపించి, ఎన్నడూ లేనిది, కుర్చీ వేయించాడు.

"ఇంక జీతాలుండవు ఆంథోనీ. బండి లీజుకు తీస్కో. నెలనెలా నాకు కట్టేది కట్టు, మిగిలిందంత నీదే. ఇయ్యాల్టి సంది నువ్వే ఓనర్‌వి," అన్నాడట. ఇష్టం లేకపోతే తాళాలు ఇచ్చి పొమ్మన్నాడట.

ఓనర్ అన్న మాటకు మా ఆయన కరిగిపోయాడు. అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. నాకు ఆ నవ్వు చూస్తే భయమేసింది.

"టైరు పగిల్తే ఎవలు కొనాలె?" అన్నాను.

"నేనే."

"లోడు దొరకక బండి నిలబడ్తే?"

"నెల కట్టుడు తప్పది."

"యాక్సిడెంటయితే?"

ఆయన కంచంలోకి చూశాడు. "అది గుడ నా మీదనే."

"మరి వాడేం చేస్తడు?"

"బండి ఇస్తుండు గదనే," అని గొంతు పెంచాడు. "ఇన్నేండ్లు ఒకని కింద బతికిన. ఒక్కపారన్న నా బండి అనుకొని నడపనియ్యి."

జాలి కలిగింది. కోపం అంతకంటే ఎక్కువే కలిగింది. సంతకం పెట్టే రోజున నేను కూడా షెడ్డుకు వెంటబడి పోయాను. అక్కడి గుమాస్తా కాగితం చదివాడు. లారీతో పాటు ఒక టార్పాలిన్, తాళ్లు, జాకీ ఓనరు ఇస్తున్నాడట. అవి చిరిగినా పోయినా ఆంథోని కొత్తవి తెచ్చి ఇవ్వాలట. నేను విన్నది నిజమేనా అని మళ్లీ చదవమన్నాను.

"ఆ టార్పాలిన్ మాది," అన్నాను.

రామ్‌చందర్ నా వైపు చూడనైనా చూడలేదు. "బండి మీద ఉన్నదంత బండిదే," అన్నాడు.

మా ఆయన నెమ్మదిగా, "సేటూ, అది మా విశ్రాంతమ్మ కూలి పైసలతోని కొన్నది. నాది నాకే లీజుకు ఇస్తవా?" అన్నాడు.

"నా షెడ్డుల నుంచి తాడు ముక్క పోయినా దొంగతనం కేసు పెడ్త. నువ్వెన్ని దోచుకపోయినవో ఎవలకెరుక?"

మా ఆయన మొహం నల్లబడింది. లేచాడు, తాళాలు బల్ల మీద పెట్టాడు, బయటికి వచ్చి లారీ ఎక్కాడు. టార్పాలిన్ కిందికి తోశాడు. తాళ్లు, జాకీ, సీటు మెత్త అన్నీ దించాడు. రామ్‌చందర్ గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. వాణ్ని పట్టుకోండని మిగతా డ్రైవర్లకు అరిచి చెప్పాడు. వాళ్లు వచ్చి టార్పాలిన్‌కు తలో కొస పట్టుకుని, రోడ్డు మీద ఆపిన ఒక ట్రాలీ ఆటోలో వేశారు. ఇంటికి వచ్చేదాకా నాకు గర్వంగా ఉంది.

ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు. రామ్‌చందర్ తెలిసిన ఓనర్లందరికీ ఫోన్లు చేశాడు. మా ఆయనకు చుట్టుపక్కల ఎవరూ బండి ఇవ్వలేదు. వసారాలో మడత పెట్టి ఉన్న టార్పాలిన్ మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండేవాడు. నిన్ను షెడ్డుకు రానివ్వడమే నా తప్పని నన్ను తిట్టేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

అప్పుడు కోటేష్ వచ్చాడు. మా వీధి వాడే, ఇద్దరు పిల్లల తండ్రి, నిన్నమొన్నటిదాకా ట్రాక్టరు నడిపేవాడు. మేము వదిలేసిన లారీని లీజుకు తీసుకున్నది వాడే.

"రేపు ఖమ్మంల లోడున్నది అన్నా. టార్పాలిన్ నువ్వే తెచ్చుకో అంటుండు సేటు. కొననీకి చేతుల ఏం మిగల్లే. నీది కిరాయికి ఇయ్యవా?"

మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. చాలా రోజులకు ఆయన మొహంలో కళ కనిపించింది.

"నెలకింత అని కట్టాలె," అన్నాడు. "లోడు దొరికినా దొరకకున్నా కట్టాలె. చిరిగితే కొత్తది తేవాలె. తాళ్ల కిరాయి వేరే. ముందుగాల అడ్వాన్సు పెట్టు."

అన్నింటికీ కోటేష్ తల ఊపుతూ, "సరే అన్నా," అంటున్నాడు. జేబులోంచి నలిగిన నోట్లు తీశాడు. మా ఆయన లేచి, చెయ్యి చాపి తీసుకుని, ఎట్లా ఉన్నానో చూడు అన్నట్టు నా వైపు చూశాడు. గొంతు మా ఆయనదే, మాటలు మాత్రం ఆ షెడ్డులో విన్నవే.

నేను వసారాలోకి వచ్చి ఆ టార్పాలిన్‌ను వాకిట్లోకి ఈడ్చాను. "తీస్కపో కోటేష్. కిరాయి లేదు. నీ పైసలు నువ్వు తీస్కో."

"ఏందే, పిచ్చి లేచిందా?" అని ఆయన మీదికొచ్చాడు. "ఇంటికొచ్చే పైసలు."

"నా కూలితోని కొన్న. నా ఇష్టం."

"నన్ను ఒక్కనాడన్న ఓనర్‌ని కానియ్యవా?"

"గిట్లయితే కానియ్య."

ఆయన నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నోట్లు కోటేష్ కాళ్ల దగ్గర విసిరేసి వీధిలోకి వెళ్లిపోయాడు. కోటేష్ ఎవరి మొహమూ చూడకుండా వాటిని ఏరుకుని, టార్పాలిన్ భుజాన వేసుకున్నాడు.

ఆ వారంలోనే ఆయన ఖమ్మం వెళ్లి, రామ్‌చందర్‌ను ఎరగని ఒక పత్తి వ్యాపారి లారీ ఎక్కాడు. జీతం మునుపటి కంటే తక్కువ. అప్పుడప్పుడు వస్తాడు, పెట్టింది తింటాడు, నాతో ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడకపోతే పోయాడు. నేను పెళ్లి చేసుకున్నది డ్రైవర్‌ని, ఆ డ్రైవరే ఇంటికి వస్తున్నాడు.