గాజు తొట్టిలో చిన్నాయన

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చెల్లెలికి నాలుగు నిండలేదు. యుద్ధం ఇంకా జరుగుతోంది. నంద్యాలకు ఎగ్జిబిషన్ వచ్చిందనీ, గాజు తొట్లలో బతికున్న చేపలను చూపిస్తున్నారనీ మా ఆళ్ళగడ్డంతా ఒకటే మాట. ఒక శనివారం పొద్దున నాయన ఉన్నట్టుండి, "అందరం పోదాం పాండి" అన్నాడు. మిషన్ బడిలో పంతులు ఆయన. ఊరికే ఇల్లు కదిలే మనిషి కాదు. అమ్మ ఆశ్చర్యపోయింది. అవ్వ మాత్రం ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వాకిట్లో నిలబడింది.

అవ్వ నాయనకు తల్లి. ఆమె చిన్న కొడుకు, మా చిన్నాయన, పటాలంలో చేరి ఓడెక్కి నాలుగేళ్ళు కావస్తోంది. అతని జాబులు వస్తే నాయనే అవ్వకు చదివి వినిపించేవాడు. చెల్లెలు అతన్ని చూడనేలేదు. గోడ మీది ఫోటో చూపించి, "చిన్నాయన యాడుండాడు?" అని అవ్వ అడిగితే, "సముద్రంలో" అనడం ఒక్కటే దానికి తెలుసు. ఆ మాటకు అవ్వ మురిసిపోయి దాన్ని ముద్దు పెట్టుకునేది.

పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచే రోజులవి. శిరివెళ్ళ దాటాక మా బస్సు ఆగిపోతే మగవాళ్ళు దిగి తోశారు. నంద్యాల చేరేసరికి మధ్యాహ్నమైంది. మొహాల నిండా మసి.

చేపల డేరా లోపల చీకటి. ఎవరైనా గుమ్మం గుడ్డ ఎత్తినప్పుడే కాస్త వెలుతురు వచ్చేది. "సముద్రపు నీళ్ళప్పా! మద్రాసు నుంచి రైల్లో తెచ్చినాం" అని ఒకతను గొంతు చించుకుంటున్నాడు. చివరి తొట్టి అన్నిటికంటే పెద్దది. చెల్లెలు రెండు చేతులూ గాజుకు ఆనించి నిలబడింది. చెల్లెలి వెనక నాయన వంగి చూస్తున్నాడు.

"ఇది సముద్రమా నాయనా?"

"ఊఁ."

అప్పుడే ఎవరో గుడ్డ ఎత్తారు. వెలుతురు పడింది.

"అవ్వా! చిన్నాయన ఈడుండాడు! నీళ్ళల్లో ఉండాడు!" అని చెల్లెలు అరిచింది.

నేనూ చూశాను. ఉన్నాడు. ఫోటోలోని మొహమే. కళ్ళ మీదుగా, నోటి మీదుగా చేపలు మెల్లగా ఈదుకుంటూ పోతున్నాయి. అది గాజులో కనబడుతున్న నాయన మొహమని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. అన్నదమ్ములది ఒకటే పోలిక. గుడ్డ మళ్ళీ పడింది. మొహం పోయింది.

అవ్వ తొట్టి వైపు చూడలేదు. నాయనను చూసింది. "పిచ్చిపిల్లా, అది నేనే" అని ఆయన నవ్వేసి ఉంటే సరిపోయేది. తల దించుకున్నాడు. అమ్మ గబుక్కున చెల్లెల్ని ఎత్తుకుని బయటికి నడిచింది.

తిరుగు బస్సులో నేను అవ్వకూ నాయనకూ మధ్య కూర్చున్నాను. బస్సు నంద్యాల దాటాక అవ్వ అడిగింది.

"పోయిన నెల నువ్వు సదివిన జాబు పాతదే గదరా?"

"ఊఁ."

"దాని ముందరిదో?"

"అదీ పాతదేమ్మా."

"కబురెప్పుడొచ్చింది?"

"మట్టలాదివారం ముందర, నాలుగు నెల్లాయె. బడికొచ్చింది కాగితం. ఓడ మునిగిందంట."

అవ్వ ఏడవలేదు. కిటికీలోంచి చేలను చూస్తూ, "అన్ని నీళ్ళుండి, నా బిడ్డకు నీళ్ళు పోసేవాళ్ళు లేకపాయనే" అంది. ఆ తర్వాత నాయనతో రెండు నెలలు మాట్లాడలేదు.

మరునాడు నేను తల దువ్వుతుంటే చెల్లెలు నా చెవిలో చెప్పింది: "చిన్నాయన నన్ను జూసి నవ్వినాడు."

ఎన్నో ఏళ్ళ తర్వాత నాయనను అడిగాను, ఆ రోజు మమ్మల్ని ఎందుకు తీసుకుపోయావని. "జనంలో, నీ చెల్లెలి ఆటల మధ్య చెప్తే మీ అవ్వ తట్టుకుంటాదనుకున్యా. డేరా వాకిలి దాకా పోయినాక ధైర్యం చాల్లేదు" అన్నాడు.

"తొట్టి దగ్గర నువ్వు నవ్వినావా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఆ పొద్దు నాకు నవ్వెట్లొస్తాది పాపా?"

చెల్లెలికి ఆ రోజు అసలు గుర్తులేదు. ఒకసారి కదిలించి చూశాను. నంద్యాల ఎగ్జిబిషన్‌కు ఎన్నడూ పోలేదంటుంది. నేనూ గట్టిగా అడగలేదు.